పక్క మంచం దగ్గర కూర్చున్న పెద్దమ్మకు

నిన్న సాయంత్రం డిశ్చార్జి అయ్యాను. పదకొండు రోజులు. చేతులు ఇంకా వణుకుతున్నాయి, అక్షరాలు తప్పితే మన్నించండి. ఈ మాట మాత్రం ఇవాళే రాయాలి.

విశాఖలోని ఆ మానసిక వైద్య వార్డులో పక్క మంచం అమ్మాయికి తోడుగా వాళ్లమ్మ ఉండేది. పలాస దగ్గర ఊరు, జీడిపప్పు ఒలిచే పని. జీడి రసం తగిలి వేళ్ల చివరలు నల్లబడి, తోలు ఊడి ఉండేవి. మూడో రోజు పొద్దున ఆవిడ వచ్చి నా వెనక కూర్చుంది. వారాల తరబడి దువ్వని నా జుట్టు అట్ట కట్టుకుపోయింది. కొబ్బరినూనె రాసి, ఆ వేళ్లతోనే ఒక్కొక్క చిక్కూ తీసింది. గంట పైనే పట్టింది. "నొప్పి పుడితే చెప్పు తల్లీ" అనడం తప్ప, ఏం చదివావు, ఎందుకిలా అయ్యావు అని ఒక్క ప్రశ్న లేదు. నేనే ఉండబట్టలేక "ఉద్యోగం పోయింది పెద్దమ్మా, ఇక నేను దేనికీ పనికిరాను" అన్నాను. ఆవిడ చేయి ఆగలేదు.

"జడ ఒకటి వేయనా, రెండా?" అంది.

అప్పుడు ఏడ్చిన ఏడుపు నా జన్మలో ఏడవలేదు.

పెద్దమ్మా, ఇంటర్లో వారం వారం పరీక్ష పెట్టి, ర్యాంకును బట్టి సెక్షన్ మార్చేవారు. నా సెక్షన్ తగ్గిన వారం నాన్న ఫోనులో "తిన్నావా" అని కూడా అడిగేవారు కాదు. ఆయన్ని తప్పు పట్టను, ఆయన్ని పెంచిందీ అలాగే. షరతుల మీద ప్రేమ అందుకున్న బిడ్డ ఆ షరతులనే తన విలువ అనుకుంటుందని కార్ల్ రోజర్స్ అనే మనస్తత్వవేత్త 1950లలోనే రాశారని కౌన్సెలర్ గారు చెప్పారు. నాకు మాత్రం అది మీ చేతి కింద కూర్చున్నప్పుడే తెలిసింది. డిక్టేషన్లో తప్పులు వచ్చిన రోజు మా ఏడేళ్ల పాపకు నేను జడ గట్టిగా లాగి వేస్తాను.

మా ఆయన, అమ్మ, తమ్ముడు రాత్రింబగళ్లు ఉన్నారు. వాళ్లకు వేరే చెప్పాలా.

ఒక్కటి చెప్పకుండా ఉండలేను. ఒంటి జబ్బులకు ఎలా ఇస్తారో మనసు జబ్బులకూ అలాగే బీమా ఇవ్వాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. మా బీమా సంస్థ కాగితాలను మూడుసార్లు తిప్పి పంపింది. మా ఆయన నా మంచం పక్కన ఉండాల్సిన రెండు రోజులు వాళ్ల కౌంటరు ముందు నిలబడ్డారు. కాలు విరిగి వస్తే ఇన్ని ప్రశ్నలు వేసేవారా?

రాత్రి రెండింటికి మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే ఫోను సాయం టెలిమానస్ 14416కు ఫోను చేస్తే, మా ఆయన నిద్ర లేచేదాకా ఫోను పెట్టనివ్వని ఆ అమ్మాయి గురించి అందరికంటే ముందు చెప్పాల్సింది. నైట్ డ్యూటీ సిస్టర్లకు, డబ్బులు వద్దన్న ఆటో అన్నయ్యకు కూడా దండాలు.

అయ్యో, ఎదురింటి అత్తయ్యగారిని మరిచేపోయాను. పదకొండు రోజులూ పాపను బడికి పంపింది ఆవిడే. జడలు వేసిందీ ఆవిడే.