గోడ ఇంకా పచ్చిగానే ఉంది

బాబూ,

నిన్న ఫోను పెట్టేశాక చాలాసేపు నాకు నిద్ర పట్టలేదు. "ఆదివారం ప్రెషర్ వాషర్ తెచ్చి బయటి గోడలన్నీ కడిగేస్తానమ్మా" అన్న నీ మాటే చెవిలో తిరిగింది. రంగు వేసి 12 రోజులే కదా అయింది. నీళ్లను బలంగా చిమ్మే ఆ యంత్రం జోలికి ఇప్పుడు వెళ్లకు. ఎందుకో ఫోనులో చెప్పబోతే సగంలోనే "సరే సరే" అనేస్తావు కాబట్టి రాస్తున్నాను.

చేత్తో ముట్టుకుని చూశాను, ఎప్పుడో ఆరిపోయింది అన్నావు. ఆరడం వేరు, గట్టిపడటం వేరు. మన గోడకు వేసింది ఎమల్షన్, అంటే నీళ్లతో చేసిన రంగు. ఎమల్షన్‌లో ఉండేది నీళ్లు, ఆ నీళ్లలో తేలే అతి సన్నని పాలిమర్ (ప్లాస్టిక్ లాంటి పదార్థం) రేణువులు, రంగు పొడి. నీళ్లు గంటా రెండు గంటల్లో ఆవిరైపోతాయి, రంగు చేతికి అంటదు. అసలు పని ఆ తరువాతే మొదలవుతుంది. రేణువులన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఒకే పొరగా బిగుసుకోవాలి. అందుకు సుమారు 30 రోజులు కావాలి. చలిగా, చెమ్మగా ఉంటే ఇంకా ఎక్కువే పడుతుంది. డబ్బా మీద 4 గంటలని రాసి ఉందని వాదించావు. అది రెండో పూత వేయడానికి చెప్పిన గడువు నాయనా, కడగడానికి కాదు.

ఇది నాకు మాత్రం ముందే తెలుసా ఏమిటి? నీకు గుర్తుండదు, అప్పుడు నువ్వు చాలా చిన్నవాడివి. చుట్టాలు వస్తున్నారని మీ నాన్న, రంగు వేసిన ఎనిమిదో రోజున, ముందు గోడ మీది బురద మరకను గట్టి బ్రష్షుతో రుద్దారు. మరక పోయింది, దానితో పాటు రంగూ బ్రష్షుకు వచ్చేసింది. రంగు ఊడని చోట కూడా రుద్దుడుకు అరచేతి మేర గోడ నున్నబడి మెరవడం మొదలుపెట్టింది. మిగిలిన రంగుతో సర్దబోతే అది అతుకు వేసినట్టు ఇంకా స్పష్టంగా కనిపించింది. మళ్లీ రంగులు వేయించేదాకా అక్కడ ఒక పూలకుండీ పెట్టి దాచాం. ఆ కుండీ ఎందుకంత ఎత్తు పీట మీద ఉందని చుట్టాలందరూ అడిగేవారు.

కిటికీల కింద గోధుమరంగు చారలు దిగాయని, పెయింటర్ నాసిరకం రంగు వేశాడని కోపగించుకున్నావు కదా. పాపం, అతన్ని ఏమీ అనకు. రంగు కుదురుగా కలిసి ఉండటానికి అందులో సబ్బు లాంటి పదార్థాలు కలుపుతారు. పొర బిగుసుకోక ముందే మంచో చిరుజల్లో పడితే అవి పైకి తేలి, కారి, జిగటగా ఆరిపోతాయి. ముదురు రంగుల మీద మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. తడి వేలితో రాసి చూడు, సబ్బులా జారుతుంది. దానికి మామూలు నీళ్లు చాలు. మొక్కలకు పోసే గొట్టానికి జల్లు మూతి తగిలించి పైనుంచి నెమ్మదిగా జారవిడువు, అంతే. గుడ్డతో రుద్దవద్దు. ఒకటి రెండుసార్లు మళ్లీ కనిపించినా కంగారు పడకు. నాలుగు వానలు పడితే వాటంతటవే పోతాయి.

కొత్తగా కట్టిన గది గోడ మీద తెల్లటి పొడి కనిపిస్తే మాత్రం నీళ్లు కొట్టకు. అది సిమెంటులోంచి వచ్చే ఉప్పు. తడిపితే కరిగి తిరిగి గోడలోకే పోతుంది. పొడిగా ఉన్నప్పుడే మెత్తని బ్రష్షుతో దులిపేయి.

నెల దాటాక కడుగు, నేను వద్దనను. అప్పుడు కూడా ముందు ఎవరికీ కనిపించని మూల తడి తెల్లగుడ్డతో తుడిచి చూడు. గుడ్డకు రంగు అంటితే ఇంకో వారం ఆగు. అంటకపోతే బకెట్ నీళ్లలో కొద్దిగా గాఢత లేని సబ్బు కలిపి స్పాంజితో రాయి. ఎండ పడని వైపు నుంచి మొదలుపెట్టు, లేకపోతే సబ్బు గోడ మీదే ఎండిపోయి మచ్చలవుతుంది. సబ్బు కింది నుంచి పైకి రాయాలి. పైనుంచి రాస్తే మురికి నీళ్లు పొడి గోడ మీద కారి చారలు కడతాయి. కడిగేటప్పుడు పైనుంచి కిందికి రావాలి. గోడ పక్క మొక్కలను ముందే బాగా తడుపు. బయటి స్విచ్చులకు కరెంటు ఆపి, ప్లాస్టిక్ కవరు కట్టు.

నాచు పట్టిన చోట బ్లీచింగ్ ద్రావణం వాడతానంటే బాగా పల్చగా కలుపుకో, చేతులకు తొడుగులు వేసుకో. దాన్ని యాసిడ్‌తో గానీ అమ్మోనియా ఉన్న దేనితో గానీ ఎప్పుడూ కలపవద్దు, విషవాయువు పుడుతుంది. ఇది రెండుసార్లు చదువు.

యంత్రం వాడాలన్న సరదా ఎప్పటికైనా తీరాల్సిందే అంటే, నీటిని 40 డిగ్రీల మేర విశాలంగా చిమ్మే నాజిల్ పెట్టి, దూరం నుంచి మొదలుపెట్టు. సూదిలా దూసుకుపోయే 0 డిగ్రీల నాజిల్ వద్దు. అది పుట్టీని కూడా లేపేస్తుంది. ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది, పిల్లవాడిని దగ్గరికి రానివ్వకు. నిచ్చెన మీద నిలబడి ఆ గన్ను అసలే పట్టుకోకు, అది వెనక్కి తన్నుతుంది. నిచ్చెన ఎక్కాల్సివస్తే నాలుగడుగుల ఎత్తుకు అడుగు చొప్పున కాళ్లు గోడకు దూరంగా ఉంచి, కోడలిని కింద పట్టుకోమను.

ఈ ఆదివారం ఆ చారల మీద నీళ్లు వదిలి ఫోటో పంపు. నెల తరువాత తెల్లగుడ్డ ఫోటో కూడా పంపు. గోడది కాదు, గుడ్డదే.

మీ అమ్మ