కారెక్కకుండా సముద్రం దాకా: సంఘం వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఏటా ఈ నివేదికలో పండగలన్నీ వరసగా రాసి, చివర్లో విహారయాత్ర గురించి రెండు ముక్కలు చేర్చడం మన ఆనవాయితీ. ఈసారి వరస తిరగేస్తున్నాను. అందరూ అడుగుతున్నది యాత్ర గురించే. పోయినవాళ్ళు మళ్ళీ ఎప్పుడని అడుగుతున్నారు, రానివాళ్ళు ఎలా కుదిరిందని అడుగుతున్నారు. అందుకని మిగతావి ముందే ముగిస్తాను.

ఉగాది బాగా జరిగింది. కవి సమ్మేళనం అనుకున్న టైముకి ముగియలేదు, అది ఏ ఏడాదీ ముగియదు. శ్రీరామనవమికి పానకం, వడపప్పు సరిపోయాయి. పిల్లల ఆదివారం తెలుగు తరగతులు నడుస్తున్నాయి గానీ, పై తరగతికి రాగానే పిల్లలు ట్యూషన్లకు జారుకుంటున్నారు. పాఠాలు చెప్పేవాళ్ళు ఇంకా కావాలి. ఆడిటరు సంతకం చేసిన లెక్కలు కోశాధికారి దగ్గర ఉన్నాయి, ఎవరైనా చూడొచ్చు. చందా బాకీలున్నవాళ్ళ పేర్లు ఇక్కడ రాయడం లేదు, వాళ్ళకే తెలుసు.

ఇక యాత్ర.

గత ఏడాది వ్యాన్లు మాట్లాడుకుని చెన్నై నుంచి ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద వెళ్ళాం. వారాంతం ట్రాఫిక్కు, వెనక సీట్లో పిల్లల వాంతులు, మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్న పెద్దవాళ్ళు, పార్కింగ్ కోసం చక్కర్లు. "సముద్రం చూద్దామని వెళ్ళి పార్కింగు చూసొచ్చాం" అని ఒక పిన్నిగారు సర్వసభ్య సమావేశంలో అన్నారు. దానికి సమాధానం చెప్పగలిగినవాళ్ళు కార్యవర్గంలో ఎవరూ లేరు. ఆ రోజే తీర్మానం అయింది: ఈసారి ఇంటి గుమ్మం దాటినప్పటి నుంచి తిరిగొచ్చేదాకా కారు గానీ అద్దె వ్యాను గానీ ఎక్కకూడదు. సముద్రం ఉండాలి. పడవ ఉండాలి, అదీ పది నిమిషాలు తిప్పి దింపేసేది కాకుండా ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్ళేది.

ఆటో కారు కిందికి వస్తుందా అన్న చర్చకు ఒక సమావేశం మొత్తం పోయింది. చివరికి పెద్దవాళ్ళకూ సామాన్లకూ ఆటోకి ఒప్పుకున్నాం.

పడవ అనగానే మన పెద్దాయన ఒకరు బకింగ్‌హామ్ కాలువ కథ ఎత్తుకున్నారు. ఆయనదీ న్యాయమే. కాకినాడ నుంచి మద్రాసు మీదుగా మరక్కాణం దాకా తీరం వెంబడే సాగిన కాలువ అది, దాదాపు 796 కిలోమీటర్లు. 1806లో మద్రాసు, ఎన్నూరు మధ్య మొదలై, 1877-78 కరువు పనుల్లో కూవం, అడయారు నదులను కలుపుకుని, అప్పటి గవర్నరు పేరు పెట్టుకుంది. మన తాతల తరంలో బియ్యం, ఉప్పు, కట్టెలు ఈ దారినే మద్రాసుకు వచ్చేవి. 1960ల్లో వచ్చిన తుపాన్లు దాన్ని దెబ్బతీశాయి. మిగిలిన కాలువలో చేపాక్కం నుంచి దక్షిణానికి మన ఎమ్మార్టీఎస్ రైలు స్తంభాలు నిలబడ్డాయి. పడవ దారి మీదే మనం రోజూ రైల్లో పోతున్నాం గానీ, కింద పడవ తిరిగే పరిస్థితి లేదు. కాబట్టి నీళ్ళ కోసం ఊరు దాటక తప్పలేదు.

పుదుచ్చేరి పేరు వచ్చింది, కానీ అక్కడ ఊరి నుంచి ఊరికి పోయే పడవ లేదు. పిచ్చావరంలో మడ అడవుల మధ్య పడవ షికారు బాగుంటుంది. సముద్రం ఒడ్డున బస కావాలంటే మాత్రం మళ్ళీ వేరే ఊరు పోవాలి. కోనసీమ అనగానే సగం చేతులు లేచాయి. దాని సంగతి చివర్లో చెబుతాను. నిలబడ్డది కేరళలోని అలెప్పి, అంటే ఆలప్పుళ. కారణం ఒక్కటే. చెన్నై సెంట్రల్లో రాత్రి రైలెక్కితే మర్నాడు పొద్దున దిగేది సముద్రం దగ్గరే. స్టేషన్ నుంచి బీచ్‌కి నడిచి వెళ్ళొచ్చు. పడవల రేవు ఊరికి అటు చివర ఉంది, ఆర్టీసీ బస్టాండ్ దాని పక్కనే. ఈ మూడూ ఒకే ఊళ్ళో ఇంత దగ్గరగా దొరకడం అరుదు.

కారు లేని ప్రయాణానికి ముందు చూడాల్సింది ఇదేనని నా అభిప్రాయం. అందరం ముందు ఫొటోల్లో మంచి హోటల్ చూస్తాం, తర్వాత అక్కడికి ఎలా వెళ్ళాలో వెతుకుతాం. అలా వెతికితే ప్రతిసారీ కారు దగ్గరే తేలుతుంది. మేము రేవు చూసుకుని, టైమ్‌టేబుల్ చూసుకుని, అప్పుడు రూములు చూశాం. అందమైన రిసార్టులు రెండు మూడు అలాగే జాబితాలోంచి పోయాయి. మారారి బీచ్ వైపు బసలు చాలా బాగుంటాయని అందరూ అన్నారు, కానీ రోజూ పొద్దున్నే రేవుకి రావాలంటే అది దూరం.

టికెట్ల సంగతి కాస్త వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే గొడవంతా ఇక్కడే. 2024 నవంబరు నుంచి రిజర్వేషను 60 రోజుల ముందే తెరుస్తున్నారు. అంతకుముందు 120 రోజులు ఉండేది. ఉదయం 8 గంటలకు బుకింగ్ మొదలవుతుంది, ఆ టైముకి ఇద్దరు ముగ్గురు ఫోన్లు పట్టుకుని సిద్ధంగా ఉండాలి. ఒక టికెట్ మీద ఆరుగురికే చోటు. అందరం ఒక చోట ఉంటాం కదా అని పెద్దవాళ్ళను, పిల్లలను కలిపి ఆరుగురిని ఒకే టికెట్‌లో వేస్తే కింది బెర్తుల కోటా వర్తించదు. ఆ కోటా పెద్దవాళ్ళు ఒంటరిగానో ఇద్దరుగానో టికెట్ తీసుకున్నప్పుడే. 60 దాటినవాళ్ళకూ, 45 దాటిన ఆడవాళ్ళకూ అది ఉంది. కాబట్టి పెద్దవాళ్ళను జంటలుగా విడదీసి తీశాం. "మమ్మల్ని వేరే పెట్టెలో పడేస్తారా" అని మొదట అలిగారు. కింది బెర్తు ఖాయమయ్యాక అలక పోయింది. వృద్ధుల రాయితీ మాత్రం 2020 మార్చిలో ఆపింది ఆపినట్టే ఉంది. కొందరు ఇంకా ఉందనుకుంటున్నారు, అందుకే రాస్తున్నాను.

సెంట్రల్‌కి రావడానికి కూడా కారు వద్దన్నాం కదా. అంబత్తూరు వైపు వాళ్ళు లోకల్ రైల్లో, వేళచ్చేరి వాళ్ళు పార్క్ టౌన్‌లో దిగి, మిగతావాళ్ళు మెట్రోలో వచ్చారు. మనిషికి ఒక్కటే సంచి, అదీ తన చేత్తో మెట్లు ఎక్కించుకోగలిగినది. ఈ షరతు పెట్టినప్పుడు వచ్చిన నిరసన మరే విషయంలోనూ రాలేదు. ఆవకాయ జాడీ సంచి లెక్కలోకి రాదని మాత్రం సర్దుబాటు చేశాం.

కాలం ఎంచుకోవడం సులువే అయింది. జూన్‌లో నైరుతి మొదలయ్యాక కేరళ తీరంలో సముద్రం మోటుగా ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇక్కడ మన వానలు, రైళ్ళు ఎప్పుడు ఆగుతాయో తెలియదు. సంక్రాంతి వెళ్ళాక, పిల్లల పరీక్షలకు ముందు దొరికిన సందులో వెళ్ళాం. ఆ నెలల్లో ఒక చిక్కుంది. ఉప్పునీరు పొలాల్లోకి రాకుండా తణ్ణీర్‌ముక్కం దగ్గర వేంబనాడు సరస్సుకు అడ్డంగా కట్టిన కట్ట తలుపులు మూసేస్తారు. ఉప్పు తగలకపోతే గుర్రపుడెక్క విపరీతంగా పెరుగుతుంది. కొన్ని కాలువల్లో నీళ్ళు కనబడవు, పచ్చటి పరుపు పరిచినట్టుంటుంది, పడవ దాన్ని చీల్చుకుని పోవాలి.

పడవంటే ఇంట్లోవాళ్ళకు టెన్షన్. 2019 సెప్టెంబరులో గోదావరి మీద కచ్చులూరు దగ్గర జరిగిన పడవ ప్రమాదం మనవాళ్ళెవరూ మరచిపోలేదు. కేరళలోనూ అలాంటివి జరిగాయి. 2002 జూలైలో కుమరకం దగ్గర 29 మంది పోయారు. 2009లో తేక్కడిలో పై అంతస్తు జనం జంతువుల్ని చూద్దామని ఒకే పక్కకు ఒరిగారు, పడవ తిరగబడి 45 మంది చనిపోయారు. 2023 మేలో తానూర్‌లో చేపల పడవను షికారు పడవగా మార్చి, పట్టనంతమందిని ఎక్కించడంతో 22 మంది పోయారు. ఇవన్నీ సమావేశంలో దాచకుండా చదివాం. ఆపైన మన నియమాలు: చీకటి పడ్డాక పడవ లేదు, కిక్కిరిసి ఉంటే తర్వాతి పడవ, లైఫ్ జాకెట్లు ఎక్కడున్నాయో ఎక్కగానే చూసుకోవాలి, ఫొటో కోసం అందరూ ఒకే పక్కకు లేవకూడదు. చివరిది పాటించడమే కష్టమైంది. కొంగల గుంపు కనబడితే చాలు, మన కుర్రాళ్ళను చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాల్సి వచ్చింది.

మేము ఎక్కువగా తిరిగింది రాష్ట్ర జలరవాణా శాఖ పడవల్లో. అవి టూరిస్టుల కోసం పెట్టినవి కావు, అక్కడి జనానికి సిటీ బస్సులాంటివి, టికెట్టూ బస్సు టికెట్టంతే. ఆలప్పుళ నుంచి కోట్టయం పడవకు సుమారు రెండున్నర గంటలు. ముందు చక్రం తిప్పే మనిషిని స్రాంక్ అంటారు. ఇంజను దగ్గర ఇంకొకాయన ఉంటాడు, ఆయనకు ముందు ఏముందో కనబడదు. స్రాంక్ తాడు లాగి గంట కొడితే దాన్నిబట్టి ఇంజను తగ్గించడం, ఆపడం, వెనక్కి తిప్పడం. రేవు వస్తుంటే గంట మోగుతుంది, పడవ పక్కకు జరుగుతుంది, ఒక కుర్రవాడు తాడు విసిరి గుంజకు చుడతాడు, స్కూలు పిల్లలు గెంతి ఎక్కుతారు, మళ్ళీ గంట. పడవ నిలబడేది అరనిమిషం కూడా ఉండదు. మొదటి రెండు రేవుల్లో మన పిల్లలు ఫోన్లు తీశారు, తర్వాత ఫోన్లు లోపల పెట్టేసి గంటలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు.

కిటికీ పక్కన కూర్చుంటే చెయ్యి జాపితే నీళ్ళు అందేంత ఎత్తు. ఇళ్ళ మెట్లు నేరుగా నీళ్ళలోకి దిగుతాయి. గట్టుకు అవతల పొలం నీళ్ళకంటే పల్లంలో ఉంటుంది. కుట్టనాడులో సముద్రమట్టం కంటే కిందున్న నేలలో వరి పండిస్తారు, నీళ్ళు తోడి బయటికి పోసి మరీ. 2013లో ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ ఆ సాగుకు వారసత్వ గుర్తింపు ఇచ్చింది. ముక్కామల నుంచి వచ్చి చెన్నైలో స్థిరపడ్డ మన మామ్మగారు చాలాసేపు కొబ్బరి చెట్లనే చూస్తూ కూర్చుని, "మా కాలువ గట్టే, కాకపోతే కాలువ మరీ నిండుగా ఉంది" అన్నారు.

ఒకరోజు కుర్రకారు చేర్తల మీదుగా బస్సులో తవణక్కడవు వెళ్ళి, అక్కణ్ణుంచి పడవలో సరస్సు దాటి వైక్కం చేరారు. ఆ రేవులో 2017 నుంచి తిరుగుతున్న 'ఆదిత్య' దేశంలో మొదటి సౌరశక్తి ఫెర్రీ. పావుగంట ప్రయాణం. డీజిల్ వాసన లేదు, ఇంజను రొద లేదు. గుడి చుట్టూ వీధుల్లో అన్ని కులాలవాళ్ళూ నడిచే హక్కు కోసం 1924-25లో సత్యాగ్రహం జరిగిన వైక్కం ఆలయ వీధులు చూశారు, ద్రావిడ ఉద్యమ నాయకుడు పెరియార్ స్మారకం చూశారు. చెన్నైలో పుట్టిపెరిగిన పిల్లలకు పెరియార్ అంటే ఇక్కడి విగ్రహమే, ఆయన అక్కడికి వెళ్ళి జైలుకు పోయిన సంగతి ఈ యాత్రలోనే తెలిసింది.

హౌస్‌బోటు ఎందుకు తీసుకోలేదని అడుగుతున్నారు. అవి ఒకప్పుడు ధాన్యం మోసిన కెట్టువళ్ళాలు, మేకులు లేకుండా కొబ్బరి పీచు తాళ్ళతో కుట్టిన పడవలు. చూడ్డానికి ఎంతో బాగుంటాయి. కానీ చేపలవాళ్ళు వలలు వేసుకుంటారు గనుక సాయంత్రం అవ్వగానే గట్టుకు కట్టేయాల్సిందే. రాత్రంతా కదలని పడవలో, దోమల మధ్య పడుకోవడానికి అంత డబ్బా అన్నది కార్యవర్గం వాదన. పైగా స్టేషన్ బయట మమ్మల్ని పట్టుకున్న బ్రోకరు ఒకే పడవకు ముగ్గురికి మూడు ధరలు చెప్పాడు. సరదాపడ్డవాళ్ళు పగటి పూట కొన్ని గంటలకు మాట్లాడుకుని వెళ్ళొచ్చారు, వాళ్ళకు నచ్చింది.

సముద్రం గురించి తక్కువే చెప్పాలి. 1862 నాటి పాత ఇనుప వంతెన స్తంభాలు తుప్పు పట్టి నీళ్ళలో నిలబడి ఉన్నాయి, అదే ఏడాది కట్టిన దీపస్తంభం దగ్గర్లోనే ఉంది. అలలు మోసం చేస్తాయి కాబట్టి పాదాలు తడుపుకోవడం వరకే. పెద్దవాళ్ళు అంబలప్పుళ కృష్ణుడి గుడికి బస్సులో వెళ్ళి పాల పాయసం తెచ్చారు. మగవాళ్ళు చొక్కా విప్పి లోపలికి వెళ్ళాలని ముందే చెప్పినా ఇద్దరు బనియన్లు విప్పడానికి మొహమాటపడి బయటే నిలబడ్డారు. ఎర్ర బియ్యం అన్నం కొందరికి దిగలేదు, ఆవకాయ జాడీ అక్కడ పనికొచ్చింది.

ఇప్పుడు కోనసీమ. వచ్చే ఏడాదికి అంతర్వేది ప్రతిపాదన ఉంది. సర్కార్ ఎక్స్‌ప్రెస్‌లో భీమవరం, అక్కణ్ణుంచి చిన్న రైల్లో పాలకొల్లు మీదుగా నరసాపురం. రేవులో పంటు ఎక్కి వశిష్ఠ గోదావరి దాటితే సఖినేటిపల్లి, తర్వాత బస్సో ఆటోనో. గోదారి వశిష్ఠ పాయ సముద్రంలో కలిసే చోటు అంతర్వేదే. కోటిపల్లి నుంచి నరసాపురం రైలు మార్గం పూర్తయి ఉంటే ఇంకా సుఖంగా ఉండేది, అది ఏళ్ళ తరబడి సాగుతూనే ఉంది. చిక్కులు రెండు: రైలు తెల్లవారకముందే భీమవరంలో దింపుతుంది, పెద్దవాళ్ళకు అక్కడ కాసేపు ఆగడానికి గదులు చూడాలి. మాఘ శుద్ధ ఏకాదశి రథోత్సవం రోజుల్లో వెళితే పంటు మీద నిలబడే చోటుండదు కాబట్టి తేదీలు దానికి ముందో వెనకో పెట్టాలి. బస నరసాపురంలోనా అంతర్వేదిలోనా అన్నది ఇంకా తేలలేదు. ఆ వైపు బంధువులున్న సభ్యులు రేవు దగ్గరి లాడ్జీల వివరాలు, పంటు ఆఖరి ట్రిప్పు ఎన్నింటికో కనుక్కుని చెబితే మేలు.

రాదలచుకున్నవాళ్ళు పేరు, వయసు, జంట ఎవరితోనో, కింది బెర్తు కావాలో వద్దో కాగితం మీద రాసి వచ్చే కార్యవర్గ సమావేశంలోపు ఇవ్వండి. సంచి మళ్ళీ ఒక్కటే.

ఇట్లు,
కార్యదర్శి