కాటన్లు ఎందరు? 2024–25 వార్షిక నివేదిక

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం.

నివేదికను సభ్యత్వాల లెక్కతో మొదలుపెట్టడం మన సంఘం ఆనవాయితీ. ఈసారి ఒక తప్పుతో మొదలుపెట్టాలి. ఆ తప్పు కార్యదర్శినైన నాది.

2024 మే 15న, ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొర జయంతికి లాకుల దగ్గరి విగ్రహం పక్కన కట్టిన ఫ్లెక్సీని మీరందరూ చూశారు. ఎన్నికల పోలింగ్ ముగిసి రెండు రోజులే అయింది. పట్నంలో ఫ్లెక్సీలు వేసే కుర్రవాళ్లు అప్పటికి చాలా రోజులుగా నిద్ర లేక తూలుతున్నారు. బొమ్మను ఫోనులో వెతికి ఇచ్చింది నేనే. కాటన్ అని కొట్టగా వచ్చినవాటిలో నిలువుగా, హుందాగా ఉన్నది చూసి పంపించేశాను. పైన ‘అపర భగీరథుడు’ అన్న అక్షరాలు, కింద చేతిలో సన్నని కర్ర పట్టుకున్న దొర. దండ వేశాం, కొబ్బరికాయ కొట్టాం, ‘కాటనుం తం భగీరథం’ అని శ్లోకం చదివాం. ఆ కర్ర ఏమిటని ఎవరో అడిగితే మన మాజీ అధ్యక్షులు “ఇంజనీరు కదండీ, కొలతకర్ర” అన్నారు. అందరం తలలూపాం. పులిహోర పంచుతున్నప్పుడు తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి నా పక్కకు వచ్చి, ఎవరికీ వినబడకుండా, “సార్, అది గోల్ఫ్ కర్ర. ఈయన వేరే కాటన్ అండీ” అంది.

ఆ అమ్మాయి చెప్పిందే నిజం. ఫ్లెక్సీ మీద ఉన్నది హెన్రీ కాటన్. 1934, 1937, 1948 సంవత్సరాల్లో బ్రిటిష్ ఓపెన్ గెలిచిన గోల్ఫ్ ఆటగాడు. మన దొర కన్నుమూసిన ఎనిమిదేళ్లకు, 1907లో పుట్టాడు. పాపం, ఆయనకు గోదావరితో ఏ సంబంధమూ లేదు.

మర్నాడు కార్యవర్గం కూర్చుంది. గుట్టుచప్పుడు కాకుండా విప్పేస్తే సరి అని కొందరు అన్నారు. రిటైరైన సోషల్ మాస్టారు మాత్రం ఒప్పుకోలేదు. “మనం దండం పెట్టేది ఎవరికో మనకు తెలియకపోతే ఎలా? అసలు ఈ ఇంటిపేరుతో ఎందరున్నారో చూద్దాం” అన్నారు. అలా ఈ ఏడాది నెలవారీ సమావేశాలన్నీ కాటన్ల మీదే జరిగాయి. సార్వా నాట్లప్పుడు, జూలైలో గోదావరికి ఎర్రనీళ్లు వచ్చినప్పుడు, మళ్లీ కోతలప్పుడు మానేశాం. మొత్తం మీద ఆరు సమావేశాలు నడిచాయి.

మొదటి సమావేశం మన దొర మీదే. 1803లో పుట్టి, 1821లో మద్రాసుకు వచ్చి, తంజావూరు వైపు కావేరి పాయ కొల్లిడం మీద ఆనకట్టలు కట్టించి, ఆ తరువాత మన వైపు వచ్చిన ఆర్థర్ కాటన్ గురించి ఈ ఊళ్లో కొత్తగా చెప్పేదేముంది? 1832–33 డొక్కల కరువు, 1839 ఉప్పెన, 1847లో ధవళేశ్వరంలో పని మొదలు, 1852కు ఆనకట్ట పూర్తి. ఇది మనకు ఎక్కాల్లాగే వచ్చు. కొత్తగా తెలిసింది ఆయన ఇంటిపేరు సంగతి. కాటన్ అంటే పత్తి అనే ఇన్నాళ్లూ అనుకున్నాం. పత్తి అనే అర్థం ఉన్న మాట అరబ్బీ నుంచి వచ్చింది. ఇంటిపేరు మాత్రం పాత ఇంగ్లీషులో గుడిసె అనే అర్థమున్న మాట నుంచి పుట్టిన ఊరిపేరు. ‘గుడిసెల దగ్గరివారు’ అన్నమాట. ఇంగ్లండులో ఆ పేరుతో ఊళ్లు ఒకటి కంటే ఎక్కువే ఉన్నాయి. మన ఇంటిపేర్లలో సగం ఊరిపేర్లే కాబట్టి ఈ పద్ధతి మనకు వింత కాదు. “అయితే తెలుగులో పాకలపాటివారు అనుకోవచ్చు” అని మాస్టారు అన్నారు. ఆ ఇంటిపేరున్న సభ్యులు ఇద్దరు ఆ పూట కాస్త నిటారుగా కూర్చున్నారు.

ఇక్కడే ఒక చిక్కు వచ్చింది. మనలో ఇంటిపేరు ఒకటైతే దాయాదులే. పిల్లనివ్వం, పుచ్చుకోం. కాబట్టి కాటన్లందరూ ఒక ఇంటివారే అని సభ్యుల్లో సగం మంది ఖాయం చేసుకున్నారు. గుడిసెలు లేని ఊరు ఉంటుందా? ప్రతి గుడిసెల ఊరి నుంచీ ఒక కాటన్ బయలుదేరితే వాళ్లంతా చుట్టాలెలా అవుతారు? ఈ వాదన రెండో సమావేశంలో పెద్ద రభసే అయింది.

ఆ రభసకు కారణం అస్సాం కాటన్. గువాహటిలో కాటన్ విశ్వవిద్యాలయం ఉంది. 1901లో కళాశాలగా మొదలైంది. భూపేన్ హజారికా అక్కడ చదువుకున్నారు. దాని పేరు మన దొరది అని నేను ఇదివరకు ఇదే సంఘంలో ఒక ఉపన్యాసంలో చెప్పాను. అదీ తప్పే, దాన్నీ ఇందులోనే ఒప్పుకుంటున్నాను. ఆ పేరు 1896 నుంచి 1902 వరకు అస్సాం చీఫ్ కమిషనర్‌గా ఉన్న సర్ హెన్రీ కాటన్‌ది. గోల్ఫ్ హెన్రీ కాదు, ఇంకో హెన్రీ. ఈయన 1845లో కుంభకోణంలో పుట్టాడు. ఆ మాట వినగానే ఒక సభ్యులు లేచి, “కుంభకోణంలోనా? మన దొర పని చేసింది ఆ పక్కే కదా. ఇంకేం, కొడుకే!” అన్నారు. తండ్రి పేరు జోసెఫ్ జాన్ కాటన్ అని చూపించినా ఆయనకు నమ్మకం కుదరలేదు. ఇప్పటికీ కుదరలేదు.

బంధుత్వం మాట అటుంచితే, మనిషి మాత్రం దండం పెట్టదగ్గవాడే. తేయాకు తోటల కూలీల జీతాలు పెంచాలని గట్టిగా పట్టుబట్టి, తోటల యజమానులందరికీ శత్రువయ్యాడు. మొదట సరేనన్న వైస్రాయ్ కర్జన్ ఆ తరువాత వెనక్కి తగ్గాడు. ఉద్యోగం మానేశాక 1904లో బొంబాయి కాంగ్రెసు మహాసభకు ఈ ఇంగ్లీషాయన్నే అధ్యక్షుణ్ని చేశారు. తరువాత బ్రిటిష్ పార్లమెంటుకూ వెళ్లాడు. ఈయన పేరును మన దొర ఖాతాలో రాసుకోవడమంటే, నాకు తెలిసి, ఇద్దరికీ అన్యాయమే.

బిషప్ కాటన్ గురించి క్లుప్తంగా. సిమ్లాలో, బెంగళూరులో ఆయన పేరుతో బడులున్నాయి. మన ఊరి పిల్లవాడికి బెంగళూరులో సీటు వచ్చినప్పుడు “మన దొర బడే” అని మిఠాయిలు పంచిన ఇంటివారు ఇప్పుడు మిఠాయిలు వెనక్కి అడగవద్దని కోరుతున్నారు. ఆయన జార్జ్ కాటన్, 1858లో కలకత్తా బిషప్ అయ్యాడు. 1866 అక్టోబరులో బెంగాల్లోని కుష్టియా దగ్గర రేవు నుంచి ఆవిరి పడవ ఎక్కుతూ పలక మీద కాలు జారి నదిలో పడిపోయాడు. శవం దొరకలేదు. ఇది చదివినప్పుడు గదిలో ఎవరూ మాట్లాడలేదు. పడవ పలక మీద నడిచి పెరిగినవాళ్లం. వర్షాకాలంలో ఆ పలక ఎలా ఉంటుందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

సంవత్సరం మొత్తంలో నాకు బాగా నచ్చిన సమావేశం నాలుగోది. అది లండనులో 1571 నుంచి 1631 వరకు జీవించిన సర్ రాబర్ట్ కాటన్ మీద. ఆయన పని పాత రాతప్రతులు పోగు చేయడం. మఠాలు మూతపడి పుస్తకాలు చెల్లాచెదురైపోయిన తరువాతి కాలం అది. ఇంగ్లీషు వాళ్ల పాత కావ్యం బేవుల్ఫ్ ఉన్న ఒకే ఒక్క ప్రతి ఆయన దగ్గరే దక్కింది. ఇంగ్లండు రాజు అధికారానికి హద్దులు పెట్టిన మాగ్నా కార్టా పత్రం ప్రతులు కూడా ఉండేవి. ఆయన బీరువాల మీద రోమను చక్రవర్తుల తలలు ఉండేవి. ఏ పుస్తకం ఏ చక్రవర్తి కింద ఉంటే దానికి ఆ పేరే గుర్తు. ఇప్పుడు అవన్నీ బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. నాలుగు వందల ఏళ్ల తరువాత కూడా బేవుల్ఫ్ ప్రతి గుర్తు ‘విటెలియస్’ అనే చక్రవర్తి పేరుతోనే ఉంది. 1731లో ఆ పుస్తకాలున్న ఇంటికి నిప్పంటుకుంది. కొన్ని బూడిదయ్యాయి. బేవుల్ఫ్ అంచులు కాలాయి. కాలిన అంచుల్లోని అక్షరాలు ఆ తరువాత కూడా పొడిపొడిగా రాలిపోతూ వచ్చాయి.

మన గ్రంథాలయానికి నిప్పు కాదు, నీళ్లు. 1986 వరదలో కింది అరల పుస్తకాలు నానిపోయాయి. 1996 నవంబరు తుపానుకు పైకప్పు రేకులు లేచిపోయి పై అరలవి తడిశాయి. అప్పుడు గట్టు మీద ఎండబెట్టిన భారతం సంపుటం ఇప్పటికీ ఉంది. పేజీలు అప్పడాల్లా ముడుచుకుని, తెరిస్తే బురద వాసన వస్తుంది. దాన్ని ఆ సమావేశంలో చేతి నుంచి చేతికి అందించాం. చివరికి నా దగ్గరకు వచ్చేసరికి ఒడిలో నాలుగు కాగితం ముక్కలు రాలాయి. ఆ పూటే తీర్మానం చేశాం: మన అయిదు బీరువాలకూ పేర్లు పెట్టాలని. చక్రవర్తులు మనకెందుకు? నన్నయ, శ్రీనాథుడు, మొల్ల, వీరేశలింగం వరకు ఎవరూ అడ్డు చెప్పలేదు. అయిదోదాని దగ్గర మాత్రం అరగంట తగువు. చివరకు కాటన్ అనే పెట్టాం, వ్యవసాయం పుస్తకాలు అందులో ఉన్నాయి కనుక. మైదా జిగురుతో చీటీలు అంటించింది ఆ తొమ్మిదో తరగతి అమ్మాయే. అయిదో చీటీ మీద ‘ఆర్థర్’ అని కూడా చేర్చింది.

అమెరికా కాటన్లకు ఒక్క సమావేశం చాలలేదు, రెండు పెట్టాం. 1633లో సముద్రం దాటి బోస్టన్ చేరిన జాన్ కాటన్ అనే మతాచార్యుడు ఉన్నాడు. ఆయన కూతురి కొడుకుకు తాతగారి ఇంటిపేరునే పేరుగా పెట్టారు: కాటన్ మేథర్. మన వాళ్లు బోసు, గాంధీ, నెహ్రూ, తిలక్ అని పిల్లలకు పెట్టుకోలేదా? అవీ ఇంటిపేర్లే. మన సభ్యత్వ పుస్తకంలోనే బోసులున్నారు, గాంధీలున్నారు. వాళ్లెవరూ బెంగాలీలు కారు, గుజరాతీలు కారు. 2023లో ఆస్కారు అందుకున్న చంద్రబోస్ మన తెలుగువాడే. ఈ కాటన్ మేథర్ పేరు అమెరికాలోని సేలంలో జరిగిన మంత్రగత్తెల విచారణలతోనూ ముడిపడి ఉంది. అది ఆయనకు మచ్చే. కాని 1721లో బోస్టన్‌లో మశూచి వచ్చినప్పుడు టీకా వంటి ఉపాయాన్ని సమర్థించి నిలబడిందీ ఆయనే. ఆ ఉపాయం ఆయనకు చెప్పింది ఒనెసిమస్ అనే ఆఫ్రికా బానిస. తన దేశంలో రోగి చీమును ఆరోగ్యవంతుడి చర్మం మీద గాటు పెట్టి ఎక్కించేవారని వివరించాడు. ఊరి జనం కోపంతో మేథర్ ఇంట్లోకి బాంబు విసిరారు, అది పేలలేదు. పొగడ్త మేథర్‌కు ఎంత దక్కాలో, ఒనెసిమస్‌కు అంతకంటే ఎక్కువే దక్కాలని మహిళా సభ్యులు పట్టుబట్టారు. నివేదికలో నమోదు చేయమన్నారు, చేశాను.

అమెరికా కాటన్ల రెండో సమావేశం జేమ్స్ కాటన్‌ది. నల్లజాతివాడు. 1935లో మిసిసిపీ రాష్ట్రంలోని ట్యూనికాలో, పత్తి చేలల్లో పనిచేసే కుటుంబంలో పుట్టాడు. ఇంటిపేరుకు పత్తితో సంబంధం లేకపోయినా బతుకంతా పత్తిలోనే. ‘ఇంటిపేరు కస్తూరివారు’ సామెత ఇక్కడ తిరగబడింది. అమెరికాలో నల్లవాళ్ల ఇంటిపేర్లలో చాలావాటి వెనుక బానిసత్వపు చరిత్ర ఉంది. కొందరికి పాత యజమాని పేరే మిగిలింది, కొందరు విడుదలయ్యాక తామే ఎంచుకున్నారు. జేమ్స్ నోటితో ఊదే హార్మోనికా వాయించడంలో మేటి. బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ బృందంలో ఏళ్ల తరబడి వాయించి, 2017లో కన్నుమూశాడు. ఆయన పుట్టిన ప్రాంతాన్నీ ‘డెల్టా’ అనే అంటారు. సముద్రం దగ్గరి డెల్టా కాదది, రెండు నదుల మధ్య వరద మేటవేసిన నల్లరేగడి. హార్మోనికా పాట ఫోనులో వినిపించినప్పుడు మన భజన బృందం పెద్దాయన కళ్లు మూసుకుని తాళం వేశారు. అయిపోయాక “ఇది ఏడుపా, పాటా?” అని అడిగారు. రెండూనేమో.

ఇదే చోట ఎలిజబెత్ కాటెన్‌నూ చెప్పుకోవాలి. ఎడమచేతివాటం. కుడిచేతివాళ్ల గిటారును తలకిందులుగా పట్టుకుని తనంత తానుగా నేర్చుకున్న నల్లజాతి గాయని, 1893లో పుట్టింది. ఆమె ఇంటిపేరులో ఇంగ్లీషు అక్షరం ఒకటి వేరు. అశ్రద్ధగా తెలుగులో రాస్తే ఆ తేడా మాయమై ఆమె కూడా ‘కాటన్’ అయిపోతుంది. ఫ్రాన్సులో ఎమే కాటన్ అనే భౌతిక శాస్త్రవేత్త, ఆయన భార్య యూజెనీ కాటన్ విషయం దీనికి ఎదురు. ఇంగ్లీషు అక్షరాలు అవే, పలుకుబడి మాత్రం ‘కొతోఁ’ లాగా ఉంటుంది. ఆమె మేరీ క్యూరీ దగ్గర చదువుకుంది, 1945లో అంతర్జాతీయ ప్రజాస్వామిక మహిళా సమాఖ్యకు తొలి అధ్యక్షురాలైంది. పేరు చూసి చుట్టరికం కలిపేవాళ్లు కనీసం పలికించి చూడాలని మాస్టారు చురక వేశారు. ఆ చురక నాకే.

డిసెంబరులో ధవళేశ్వరం కాటన్ మ్యూజియానికి వెళ్లివచ్చాం. బస్సు కిరాయి సభ్యులే తలా కొంత వేసుకున్నారు. ఆరుబయట ఉన్న పాత యంత్రాల దగ్గర ఫొటోలు దిగడానికి పట్టినంత సేపు లోపల పట్టలేదని చెప్పక తప్పదు.

మిగతా పనులు: వేసవిలో చలివేంద్రం నడిచింది. కంటి పరీక్షల శిబిరం ఒకటి జరిగింది. కాలువలో గుర్రపుడెక్క తీయమని సంబంధిత కార్యాలయానికి మూడు అర్జీలు పెట్టాం, జవాబు లేదు. కాలువ కట్టేసిన రోజుల్లో మనమే దిగి రేవు మేర తీసుకున్నాం. చేతిలో మిగిలిన సొమ్ము 4,310 రూపాయలు. లెక్కల పుస్తకం కోశాధికారి దగ్గర ఉంది, ఎవరైనా చూడవచ్చు.

ఈ ఏడాది జయంతి ఫ్లెక్సీ బొమ్మను ముగ్గురు చూసి సంతకం చేశాకే పట్నం పంపాలని కార్యవర్గం తీర్మానించింది. మూడో సంతకం పదో తరగతికి వచ్చిన ఆ అమ్మాయిది.

పాత ఫ్లెక్సీ ఏమైందని కొందరు సభ్యులు అడిగారు. పారేయడానికి మనసొప్పలేదు. చెరువుగట్టు దగ్గరి మన సభ్యులొకరు తన గేదెల పాక కురుస్తోందని అడిగితే ఇచ్చాం. తాటాకు మీద పరిచి నాలుగు మూలలా పురికొసతో బిగించారు. మొన్నటి వానకు పాక కురవలేదట. గట్టు మీద నుంచి చూస్తే హెన్రీ కాటన్ చేతిలోని కర్ర స్పష్టంగా కనిపిస్తోంది.

ఇట్లు,
కార్యదర్శి