తెలుగు కుటుంబాలకు అమ్ముతున్న ‘తొలి జింక వేట కిట్’ మీద ఫిర్యాదు

స్వీకర్త: వినియోగదారుల సేవా విభాగాధిపతి గారికి

విషయం: పిల్లల కోసమని అమ్మిన జింక వేట కిట్‌లోని హార్నెస్ (చెట్టు మీది నుంచి పడితే పట్టి ఆపే ఒంటి పట్టీలు), చొక్కా, తెలుగు మార్గదర్శి పుస్తకం సురక్షితంగా లేకపోవడం, కొన్ని చోట్ల చట్టానికి విరుద్ధంగా ఉండటం, సొమ్ము వాపసు, కొనుగోలుదారులందరికీ హెచ్చరిక కోరుతూ.

ఆర్యా,

మేము విస్కాన్సిన్ రాష్ట్రం మాడిసన్ నగర శివారులో ఉంటున్నాము. పన్నెండేళ్ల మా అమ్మాయి ఈ వేసవిలో రాష్ట్ర సహజ వనరుల శాఖ వారి వేట శిక్షణ తరగతి పూర్తి చేసి ధ్రువపత్రం తీసుకుంది. పదిహేనేళ్లు, అంతకు లోపు వయసున్న పిల్లలకు అక్టోబరులో కేటాయించే రెండు రోజుల తుపాకి వేటలో తను పాల్గొనాలని నిశ్చయించుకున్నాక, మీ సంస్థ తెలుగులో ప్రకటన ఇచ్చి అమ్ముతున్న తొలి జింక వేట కిట్‌ను ఆగస్టులో కొన్నాను. ఎనిమిది నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు సరిపోతుందనీ, అన్ని రాష్ట్రాల నిబంధనలకూ అనుగుణంగా ఉందనీ, వేట తెలియని తల్లిదండ్రులకు సైతం తెలుగు పుస్తకం ఒక్కటి చాలుననీ ప్రకటనలో స్పష్టంగా రాశారు. ఈ మూడు మాటల్లో ఒక్కటీ నిజం కాదని కిట్ విప్పి చూశాక తేలింది.

అన్నిటికంటే ప్రమాదకరమైనది హార్నెస్ కనుక దానితోనే మొదలుపెడతాను. పెట్టె మీద పిల్లల బొమ్మ ఉంది. హార్నెస్ లోపలి వైపు కుట్టిన చీటీ మీద మాత్రం ధరించేవారి బరువు 130 నుంచి 300 పౌండ్ల మధ్య ఉండాలని తయారీదారే ముద్రించాడు. మా అమ్మాయి బరువు 85 పౌండ్లు. పన్నెండేళ్ల పిల్లల్లో 130 పౌండ్లు తూగేవారు తక్కువ, ఎనిమిదేళ్ల పిల్లల సంగతి చెప్పనే అక్కర్లేదు. అంటే మీరు ఎవరి కోసమని అమ్ముతున్నారో వారిలో అత్యధికులు దీన్ని వేసుకోకూడదని దాని మీదే రాసి ఉంది. బకిల్స్ అన్నీ చివరిదాకా బిగించినా తొడల పట్టీలు వదులుగానే ఉన్నాయి, భుజం పట్టీ జారి మోచేతి మీదికి వచ్చింది. ఇలాంటి హార్నెస్‌తో చెట్టు మీది నుంచి పడిన పిల్ల అందులోంచి జారిపోయే ప్రమాదముంది. జారిపోకపోయినా, పడినప్పుడు తగిలే కుదుపును మింగడానికి కుట్టిన పట్టీ పెద్దల బరువుకు విప్పుకునేలా తయారైంది కాబట్టి తేలికైన ఒంటికి అది విప్పుకోక, ఆ దెబ్బంతా పిల్ల వెన్ను మీదే పడవచ్చు.

ఈ సంగతి మీ సహాయ విభాగానికి ఫోన్ చేసి చెప్పినప్పుడు, పట్టీలు బాగా బిగిస్తే ఎవరికైనా సరిపోతుందని జవాబు వచ్చింది. లోపలి చీటీ చదివి వినిపిస్తే, అది కేవలం న్యాయపరమైన జాగ్రత్త కోసం వేసినదని అన్నారు. ప్రాణం కాపాడే వస్తువు మీద తయారీదారు వేసిన బరువు పరిమితిని ఇంత తేలిగ్గా కొట్టిపారేయడం నాకు హార్నెస్ కంటే ఎక్కువ ఆందోళన కలిగించింది.

హార్నెస్‌ను ఎలా వాడాలో చెప్పే భాగం ఇంకా అధ్వానంగా ఉంది. నిచ్చెన ఎక్కి, ట్రీ స్టాండు (వేటగాడు కూర్చోవడానికి చెట్టుకు ఎత్తున బిగించే పీట) మీద కూర్చున్నాక టెదర్‌ను, అంటే హార్నెస్‌ను చెట్టుకు కలిపే పట్టీని, చెట్టుకు తగిలించాలని మీ పుస్తకం చెబుతోంది. వేట శిక్షణలో అందరికీ మొదట నేర్పేది దీనికి సరిగ్గా వ్యతిరేకం. మనుషులు ఎక్కువగా పడేది ఎక్కేటప్పుడూ, దిగేటప్పుడూ, నిచ్చెన మీది నుంచి స్టాండు మీదికి కాలు మార్చేటప్పుడూ. అందుకే చెట్టు పైనుంచి నేల దాకా ఒక లైఫ్‌లైన్ తాడు కట్టి, దాని మీద పైకీ కిందికీ జరుగుతూ బరువు పడగానే బిగుసుకునే ముడికి నేల మీద ఉండగానే హార్నెస్ తగిలించుకుని, కాలు మళ్లీ నేలను తాకేవరకు విప్పకూడదని నేర్పుతారు. మీ కిట్‌లో లైఫ్‌లైన్ లేదు. పడి వేలాడుతున్నప్పుడు తొడల పట్టీలు రక్తప్రసరణను అడ్డుకోకుండా కాలు మోపి నిలబడేందుకు ఉండవలసిన చిన్న పట్టీ కూడా లేదు. పుస్తకంలోని బొమ్మలో టెదర్‌ను పిల్లవాడి నడుము ఎత్తులో కట్టారు. అది తల కంటే పైన, కూర్చున్నప్పుడు ఏమాత్రం వదులు లేకుండా ఉండాలి. నడుము దగ్గర కడితే పడిన తర్వాత పిల్లవాడు స్టాండు కిందికి వేలాడతాడే తప్ప మళ్లీ పైకి అందుకోలేడు.

అదే పుటలో మరో ఛాయాచిత్రముంది. అందులో ఒక అబ్బాయి రైఫిల్‌ను భుజానికి వేలాడదీసుకుని నిచ్చెన ఎక్కుతున్నాడు. తుపాకి ఖాళీ చేసి నేల మీద ఉంచి, గొట్టం ఎవరి వైపూ చూడకుండా తాడుకు కట్టి, పైకెక్కి హార్నెస్ చూసుకున్నాక ఆ తాడుతో లాక్కోవాలన్నది తొలి పాఠాల్లో ఒకటి. ఏ తుపాకినైనా తూటా ఉన్నదానిలాగే చూడటం, గొట్టాన్ని ఎప్పుడూ సురక్షితమైన దిక్కుకే తిప్పి ఉంచడం, గురినీ గురి వెనక ఉన్నదాన్నీ నిర్ధారించుకోవడం, కాల్చే క్షణం దాకా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకపోవడం అనే నాలుగు సూత్రాలను మా అమ్మాయి నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. మీ పుస్తకంలో ఆ నాలుగూ ఒక్కచోట కూడా లేవు. వాటి స్థానంలో మన పూర్వపు రాజుల వేట వైభవం గురించి నాలుగు పుటలు నింపారు. ఆ వైభవాన్ని తలుచుకున్నంత మాత్రాన ఏ పిల్లవాడూ గాయం నుంచి తప్పించుకోలేడు.

ఇక చొక్కా, టోపీ. విస్కాన్సిన్‌లో జింకల తుపాకి వేట జరిగే రోజుల్లో, పిల్లల వేట రోజులతో సహా, వేటగాడు నడుముకు పైన వేసుకునే పైదుస్తుల్లో కనీసం సగం భాగం మెరిసే నారింజ రంగులో గానీ, 2016 నుంచి అనుమతించిన మెరిసే గులాబీ రంగులో గానీ ఉండాలి. టోపీ పెట్టుకుంటే దానికీ అదే నియమం వర్తిస్తుంది. మీరు పంపిన చొక్కాను బల్ల మీద పరిచి గళ్లు గీసి లెక్క చూస్తే, గోధుమ, నలుపు ఆకుల మచ్చలు పోను నారింజ రంగు సగానికి బాగా తక్కువగా మిగిలింది. దానికి తోడు మీ కిట్‌లోనే ఉన్న ముదురాకుపచ్చ వీపు సంచి తగిలించుకుంటే వెనక వైపు ఆ కాస్తా కనిపించదు. పక్కనే ఉన్న ఇల్లినాయ్‌లో మచ్చల్లేని నిండు రంగు కనీసం 400 చదరపు అంగుళాలు ఉండాలి, టోపీ తప్పనిసరి. పెన్సిల్వేనియాలో తల, ఛాతీ, వీపు కలిపి 250 చదరపు అంగుళాలు అన్ని వైపుల నుంచీ కనబడాలి. రాష్ట్రానికొక లెక్క ఉన్న దేశంలో అన్ని రాష్ట్రాలకూ సరిపోతుందని రాయాలంటే అన్నిటికంటే కఠినమైన నియమానికి తగ్గట్టు కుట్టించాలి. మీరు ఏ నియమానికీ తగ్గట్టు కుట్టించలేదు. జింక కంటపడకుండా ఉండాలంటే మచ్చలు తప్పవని మీ ప్రతినిధి సమర్థించుకున్నారు. ఎరుపు, నారింజ రంగులను గుర్తించే కణాలు జింక కంట్లో లేవు. నిండు నారింజ మనుషులకు మెరుస్తుంది కానీ జింకకు మసకగానే కనిపిస్తుంది. జింకను అప్రమత్తం చేసేవి కదలిక, వాసన. మరో వేటగాడి కంటికి పిల్ల కనబడకుండా చేసే చొక్కాను జింక పేరు చెప్పి అమ్మడం తగదు.

వేట పద్ధతుల గురించి పుస్తకంలో రాసినదాంట్లో గాలి దిక్కు గురించిన భాగం బాగుంది. ఉదయం ఎండ ఎక్కేకొద్దీ గాలి వాలు మీదుగా పైకి పోతుందని, సాయంత్రం చల్లబడ్డాక కిందికి దిగుతుందని, దాన్ని బట్టి కూర్చునే చోటు మార్చుకోవాలని తేలిక మాటల్లో చెప్పారు. అది రాసినవారు ఎవరో గానీ వారికి విషయం తెలుసు. మిగతా భాగాలు రాసినవారికి తెలిసినట్టు లేదు. మాంసం పాడుకాకుండా ఉండేందుకు పిల్లలు జింక తలకు గురిపెట్టాలని ఒకచోట రాశారు. జింక తల క్షణం కూడా కదలకుండా ఉండదు, అందులో గురి చాలా చిన్నది. కొత్త చేయి కాస్త తప్పితే దవడ విరిగిన జింక పారిపోయి, ఆకలితో కుళ్లి చస్తుంది. జింక పక్కకు తిరిగి నిలబడేదాకా ఆగి, ముందు కాలు వెనకనే ఉన్న గుండె, ఊపిరితిత్తుల చోటుకు కాల్చాలనీ, అలా నిలబడకపోతే ఆ రోజు కాల్చకుండా ఇంటికి వచ్చినా నష్టం లేదనీ పిల్లలకు నేర్పాలి. ఖర్చు తగ్గుతుందని .22 రిమ్‌ఫైర్ రైఫిల్‌తో (అడుగు అంచు మీద దెబ్బ తగిలి పేలే చిన్న తూటాలు వాడేది) మొదలుపెట్టమని ఇంకోచోట సలహా ఇచ్చారు. గురి నేర్చుకోవడానికి అది మంచిదే. ఈ రాష్ట్రంలో జింక మీద వాడే రైఫిల్‌కు మాత్రం అడుగు మధ్యలో దెబ్బ తగిలి పేలే సెంటర్‌ఫైర్ తూటాలు తప్పనిసరి. సలహా ఇచ్చిన పుటలో ఆ తేడా ఎక్కడా లేదు.

కిట్‌లో ఒక సంచి నిండా మొక్కజొన్న కలిపిన ఆకర్షక దాణా పెట్టారు. పిల్లవాడు నిరాశపడకుండా వారం ముందే కూర్చునే చోట చల్లి ఉంచమన్నారు. మేముండే డేన్ కౌంటీలో జింకలకు దాణా వేయడం నిషేధం. జింకల మెదడును తినేసే క్రానిక్ వేస్టింగ్ వ్యాధి మిసిసిపీ నదికి తూర్పున మొదటిసారి బయటపడింది 2002లో, ఈ ప్రాంతంలోనే. లాలాజలం ద్వారా, మట్టి ద్వారా అంటుకునే ఆ వ్యాధి, జింకలు ఒకేచోట మూతి పెట్టి తింటే మరింత పాకుతుంది. ఆ వ్యాధి కారకం వంటతో నశించదు. ఇక్కడ వేటాడిన జింక మాంసాన్ని పరీక్ష చేయించి తినమని ప్రజారోగ్య శాఖలు సూచిస్తున్నాయి, రాష్ట్రం ఆ పరీక్షను ఉచితంగా చేస్తోంది. మాంసంతో వేపుడు, పచ్చడి చేసుకునే విధానాలకు చోటిచ్చిన పుస్తకంలో ఈ వ్యాధి పేరైనా లేకపోవడం ఆశ్చర్యం. వేటాడిన జింకను మర్నాడు సాయంత్రం 5 గంటల లోపు నమోదు చేయాలన్న నియమమూ లేదు.

చివరిగా, తెలుగు కుటుంబాలకని ప్రత్యేకంగా అమ్మే పుస్తకంలో తప్పక ఉండవలసిన ఒక విషయం పూర్తిగా వదిలేశారు. హెచ్-1బీ, హెచ్-4 వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకి గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. దానికున్న మినహాయింపుల్లో ఒకటి, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే వేట లైసెన్సు కలిగి ఉండటం. అంటే ముందు లైసెన్సు, ఆ తర్వాతే తుపాకి. మీ పుస్తకంలోని పట్టికలో మొదటి పని తుపాకి కొనడం, అయిదో పని లైసెన్సు తీసుకోవడం. ఆ వరుసను నమ్మిన ఒక తండ్రి తనకు తెలియకుండానే ఫెడరల్ నేరం చేసినవాడవుతాడు, అతని వీసాకూ, గ్రీన్‌కార్డు ఆశకూ అది ఏమవుతుందో మీ సంస్థలో పనిచేసే తెలుగువారికి వివరించనక్కర్లేదు. 1973 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన పెద్దలకు కూడా ఇక్కడ లైసెన్సు కోసం వేట శిక్షణ ధ్రువపత్రం కావాలి, లేదా ధ్రువపత్రం ఉన్న మెంటార్ (వెంట ఉండి నేర్పేవారు) చేతికందే దూరంలో ఉండి వేటాడించాలి. అదీ పుస్తకంలో లేదు.

ఇన్ని వివరాలు ఎందుకు రాస్తున్నానంటే, మీరు ఎంచుకున్న కొనుగోలుదారులు మిగతావారిలాంటి వారు కారు. ఈ ఊళ్లో పుట్టిన పిల్లవాడికి చెడ్డ పుస్తకం చేతికొచ్చినా, దాన్ని చదివి నవ్వి పక్కన పెట్టే తాతో మేనమామో ఇంట్లోనే ఉంటారు. మేము 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక పెరిగినవాళ్లం. కణితినో దుప్పినో కొడితే జైలుకు పోతారన్న ఒక్క సంగతి తప్ప వేట గురించి ఇంట్లో ఏ మాటా వినకుండా ఈ దేశానికి వచ్చాం. మా ఇళ్లలో మీ పుస్తకాన్ని సరిదిద్దే పెద్దదిక్కు లేదు. మా అమ్మాయికి ముందే శిక్షణ దొరికింది కాబట్టి తప్పులు తనే పట్టుకుంది. శిక్షణకు ముందు మీ కిట్ చేతికొచ్చిన కుటుంబాల సంగతే నన్ను కలవరపెడుతోంది.

కాబట్టి, కిట్ పూర్తి ధరను, రవాణా ఖర్చుతో సహా వాపసు చేయమని కోరుతున్నాను. చీటీ తెంపిన వస్తువులు తిరిగి తీసుకోబోమన్న మీ షరతు ఇక్కడ వర్తించదు, ఎందుకంటే లోపలి చీటీ చదవడానికి పై చీటీ తెంపక తప్పదు. అంతకంటే ముఖ్యంగా, ఈ కిట్ కొన్న ప్రతి కుటుంబానికీ 130 పౌండ్ల లోపు పిల్లలకు ఆ హార్నెస్ తొడగవద్దనీ, ఆ చొక్కాతో తుపాకి వేటకు వెళ్లవద్దనీ, దాణా నిషేధమున్న చోట ఆ సంచి విప్పవద్దనీ తెలుగులోనే లిఖితంగా తెలియజేయాలి. పుస్తకాన్ని వెనక్కి తీసుకుని, ధ్రువీకృత వేట శిక్షకుల చేత సరిదిద్దించేవరకు కిట్ అమ్మకం ఆపాలి. పిల్లల కోసం అమ్మదలిస్తే పిల్లల బరువుకు తయారైన హార్నెస్, లైఫ్‌లైన్, నిండు నారింజ చొక్కా పెట్టి అమ్మండి. ధర పెరిగినా కొనేవారు ఉంటారు, వారిలో నేనూ ఉంటాను.

హార్నెస్ లోపలి చీటీ, చొక్కా, పుస్తకంలోని సంబంధిత పుటల ఛాయాచిత్రాలు, కొనుగోలు రసీదు ఈ లేఖకు జతచేశాను. పిల్లల వేట రోజులు దగ్గరపడుతున్నందున, ఈ లేఖ అందిన పది రోజుల్లోగా కొనుగోలుదారులకు హెచ్చరిక పంపినట్టు ఆధారంతో లిఖితపూర్వకంగా జవాబు ఇవ్వండి. అలా జరగని పక్షంలో హార్నెస్ విషయాన్ని ఫెడరల్ వినియోగ వస్తు భద్రతా సంఘానికీ, ప్రకటన విషయాన్ని విస్కాన్సిన్ వ్యవసాయ, వాణిజ్య, వినియోగదారుల రక్షణ శాఖకూ ఇవే ఆధారాలతో నివేదిస్తాను.

ఇట్లు,
మీ కొనుగోలుదారు
మాడిసన్, విస్కాన్సిన్

జతచేసినవి: రసీదు నకలు, ఛాయాచిత్రాలు