షిల్లాంగ్‌లో డిలన్ పుట్టినరోజు

ఎడిటర్ గారికి,

అమెరికన్ గాయకుడు, పాటల రచయిత బాబ్ డిలన్‌కు 2016లో సాహిత్య నోబెల్ వస్తే చాలామంది ముక్కున వేలేసుకున్నారు. మేఘాలయ రాజధాని షిల్లాంగ్‌లో ఉద్యోగం చేసిన నాకు మాత్రం అదేమీ వింతగా తోచలేదు. అక్కడి రాక్ గాయకుడు లూ మాజావ్ 1972 నుంచి ఏటా మే 24న డిలన్ పుట్టినరోజు కచేరీ చేస్తున్నారు. పొడవాటి తెల్లజుట్టు, కత్తిరించిన జీన్స్ నిక్కరు, ఒక్కో కాలికి ఒక్కో రంగు సాక్సు! ఆయన గిటార్ అందుకోగానే నా వెనక కూర్చున్న ఖాసీ తెగ పెద్దావిడ మనవడితో కలిసి చరణాలన్నీ పాడేసింది. ఒక్క ముక్క తప్పలేదు. సగం ఇంగ్లీషు నాకు అర్థం కాకపోయినా లేవబుద్ధి కాలేదు. మన పత్రికల్లో ఈశాన్యం అంటే ఎక్కువగా గొడవల వార్తలే. ఆదివారం అనుబంధంలో మాజావ్ గురించి ఒక పేజీ వేయండి, ఫొటోలో ఆ సాక్సులు కనపడేలా.

- ఒక రిటైర్డ్ ఉద్యోగి, కాకినాడ