యాభై వేల ఇళ్ళు కట్టించాం సరే, క్యాంపుల్లో ఉన్నవాళ్ళు ఇంటికి వెళ్ళే దారేది? విదేశాంగ మంత్రి గారికి బహిరంగ లేఖ

జైశంకర్ గారికి నమస్కారం.

నేను చెన్నై రెడ్‌హిల్స్‌లో పెయింట్ షాపు నడుపుకునే తెలుగువాణ్ణి. మాకు దగ్గర్లోనే పుళల్ కావాంగరైలో శ్రీలంక తమిళుల క్యాంపు ఉంది. అక్కడి మగవాళ్ళలో చాలామందికి ఇళ్ళకు రంగులు వేయడమే జీవనాధారం, కాబట్టి నా షాపు చాలావరకు వాళ్ళ మీదే నడుస్తోంది. వాళ్ళతో మాట్లాడీ మాట్లాడీ, పేపర్లో వచ్చేవన్నీ చదివీ, ఇది మీకే రాయాలనిపించింది. ఎందుకంటే ఈ విషయం మీకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. 1988 నుంచి 1990 దాకా మీరు కొలంబోలో మన హైకమిషన్‌లో పనిచేశారు, మన శాంతి సేనకు రాజకీయ సలహాదారుగా ఉన్నారు. శ్రీలంక సైన్యానికీ, తమిళ టైగర్లకీ మధ్య జరిగిన ఆ యుద్ధాన్ని దగ్గర్నుంచి చూసిన మంత్రి ఢిల్లీలో మీకంటే ఇంకెవరున్నారు?

2009 మేలో ఉత్తర శ్రీలంకలోని ముల్లివాయ్‌క్కాల్ దగ్గర యుద్ధం ముగిశాక మన దేశం చేసినదాన్ని నేను తక్కువ చేయను. 50,000 ఇళ్ళ పథకం పెట్టాం, అందులో 46,000 ఉత్తర, తూర్పు రాష్ట్రాలకే. కాంట్రాక్టర్ చేతిలో పెట్టకుండా ఒక్కో కుటుంబానికి అయిదున్నర లక్షల శ్రీలంక రూపాయలు విడతలవారీగా ఇచ్చి, ఇల్లు వాళ్ళనే కట్టుకోమన్నాం, అది నిజంగా మంచి పద్ధతి. జాఫ్నాకి రైలు మళ్ళీ 2014లో నడిచిందంటే పట్టాలు వేసింది మన ప్రభుత్వ రైల్వే నిర్మాణ సంస్థ ఇర్కాన్. 2019లో పలాలి విమానాశ్రయం తెరిచాక చెన్నై నుంచి జాఫ్నాకి విమానం, 2023లో నాగపట్నం నుంచి కాంకేసన్‌తురైకి ఓడ కూడా వచ్చాయి.

ఇన్ని దారులు వేసి కూడా, యుద్ధం వల్ల ఇల్లు విడిచి వచ్చినవాళ్ళు ఆ దారిన ఇంటికి వెళ్ళే ఏర్పాటు మాత్రం చేయలేదు. తమిళనాడులో ఇప్పటికీ రమారమి తొంభై వేల మంది ఉన్నారు, అందులో యాభై వేలకు పైగా క్యాంపుల్లోనే. 1983 జూలై అల్లర్ల తర్వాత వచ్చినవాళ్ళున్నారు, 1990లో వచ్చినవాళ్ళున్నారు, 2006 తర్వాత పడవల్లో వచ్చినవాళ్ళున్నారు, వాళ్ళ పిల్లలు, మనవలు ఇక్కడే పుట్టారు. జాఫ్నాలో ఇల్లు కట్టించే ఫైలు మీ శాఖలో ఉంటుంది, కావాంగరైలో మనిషి ఫైలు హోం శాఖలో ఉంటుంది. ఈ రెండూ ఒక బల్ల మీదికి ఎప్పుడైనా వచ్చాయా అన్నదే నా అనుమానం.

2025 మే నెలలో రెండు వార్తలు చదివాను. ఒక శ్రీలంక తమిళుడి కేసులో మన దేశం ధర్మసత్రం కాదని సుప్రీంకోర్టు ధర్మాసనం అంది. అదే నెలాఖర్లో, ఐక్యరాజ్య సమితి శరణార్థుల సంస్థ సాయంతో తమిళనాడు నుంచి స్వదేశానికి వెళ్ళిన ఒక పెద్దాయన్ని పలాలిలో దిగగానే అరెస్టు చేశారు. నేరమేమిటయ్యా అంటే, అప్పట్లో ప్రాణాలు దక్కించుకోవడానికి దేశం దాటేటప్పుడు పాస్‌పోర్టు లేకుండా వెళ్ళాడట! గొడవయ్యాక ఈ పద్ధతి మారుస్తామని అక్కడి మంత్రి ఒకాయన చెప్పారు, మంచిదే. కానీ ఆ వార్త వచ్చిన వారమంతా నా షాపులో ఇదే మాట. వెళ్దామా అని ఆలోచిస్తున్నవాళ్ళు కూడా టెన్షన్ పడి ఆగిపోయారు. మంత్రి నోటిమాట నమ్ముకుని డెబ్బై ఏళ్ళ మనిషి విమానం ఎక్కాలా? రెండు ప్రభుత్వాలూ, ఐక్యరాజ్య సమితీ కలిసి సంతకం పెట్టిన కాగితం ఒకటి ఉండాలి కదా, తిరిగి వచ్చినవాళ్ళ మీద కేసు పెట్టం, ఇక్కడ పుట్టిన పిల్లలకు పౌరసత్వం ఇస్తాం, ఇక్కడి చదువుల సర్టిఫికెట్లు అక్కడ చెల్లుతాయి అని.

భూమి సంగతి ఇంకా ఘోరం. 2025 మార్చిలో శ్రీలంక ప్రభుత్వం ఉత్తరాన వేల ఎకరాలకు ఒక గెజిట్ ఇచ్చింది, మూడు నెలల్లో హక్కు రుజువు చేసుకోకపోతే ఆ భూమి సర్కారుదే అని. యుద్ధంలో ఇళ్ళతోపాటు దస్తావేజులూ కాలిపోయినవాళ్ళు, సముద్రం ఇవతల క్యాంపుల్లో ఉన్నవాళ్ళు మూడు నెలల్లో ఏం రుజువు చేస్తారు? జనం తిరగబడ్డారు, అక్కడి సుప్రీంకోర్టు ఆపింది, చివరికి గెజిట్ వెనక్కి తీసుకున్నారు. అయితే ఆ మూడు నెలల్లో మన వైపు నుంచి ఒక్క క్యాంపులోనైనా ఆ నోటీసు తమిళంలో అంటించారా? నాకు తెలిసినవాళ్ళెవరూ చూడలేదు. క్యాంపులో ఉన్నవాడు పొద్దున్నే పనికి పోతాడు, క్యూ బ్రాంచ్ (క్యాంపుల మీద నిఘా పెట్టే తమిళనాడు పోలీసు విభాగం) చెక్కింగ్ రోజైతే పని మానుకుంటాడు, కొలంబో గెజిట్ వాడికెవరు చదివి చెప్తారు? రేపు ఇలాంటిదే ఇంకొకటి వస్తే చెన్నైలోని శ్రీలంక డిప్యూటీ హైకమిషన్‌లోనే అర్జీ తీసుకునేలా మాట్లాడండి. తూర్పు శ్రీలంకలోని సాంపూర్‌లో మన ఎన్‌టీపీసీ సౌర విద్యుత్ కేంద్రానికి 2025 ఏప్రిల్‌లో ప్రధాని గారు శంకుస్థాపన చేశారు, 2006 యుద్ధంలో జనం ఇళ్ళు వదిలి పారిపోయిన ప్రాంతం అది. భూమి గురించి అడిగే హక్కు మనకు లేదని ఎవరూ అనలేరు.

జాఫ్నా దగ్గరి చెమ్మని సామూహిక సమాధుల్లో 2025లో రెండు వందలకు పైగా అస్థిపంజరాలు బయటపడ్డాయి. ఆగస్టులో అక్కడ దొరికిన బట్టలు, చిన్నపిల్లల స్కూలు బ్యాగు లాంటివి జనం వచ్చి గుర్తుపట్టమని బయట పెట్టారు. వాటిని గుర్తుపట్టగల అక్కో, మేనమామో కావాంగరై క్యాంపులోనో గుమ్మిడిపూండి క్యాంపులోనో ఉంటే ఎలా వెళ్తారు? పాస్‌పోర్టు లేదు, వెళ్తే మళ్ళీ రానిస్తారో లేదో తెలియదు. తప్పిపోయినవాళ్ళ కోసం అక్కడ 2016 చట్టంతో ఒక కార్యాలయం పెట్టారు, 2017 ఫిబ్రవరి నుంచి కిలినొచ్చిలో తల్లులు రోడ్డు పక్కన ధర్నా చేస్తూనే ఉన్నారు. కొడుకు ఫొటో పట్టుకుని అన్నేళ్ళు కూర్చోవడం తలుచుకుంటేనే నాకు మాట రాదు. ఆ కార్యాలయం వాళ్ళు తమిళనాడు క్యాంపులకు వచ్చి ఫిర్యాదులూ, డీఎన్‌ఏ నమూనాలూ తీసుకోవడానికి మన అనుమతి చాలదా? జెనీవాలో ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల మండలిలో శ్రీలంక మీద పెట్టిన తీర్మానానికి 2012లో, 2013లో మనం ఓటు వేశాం, 2014లో, ఆ తర్వాత 2021లో, 2022లో తటస్థంగా ఉన్నాం. దౌత్యం మీకు తెలిసినంత నాకు తెలియదు. కానీ క్యాంపులో డీఎన్‌ఏ తీసుకోవడానికి జెనీవా ఓటు అక్కర్లేదు.

ఇక 1987 భారత్-శ్రీలంక ఒప్పందం, దాని ప్రకారం ప్రాంతీయ మండళ్ళు పెట్టిన శ్రీలంక రాజ్యాంగ పదమూడో సవరణ. ఉత్తర ప్రాంతీయ మండలికి ఎన్నిక 2013లో జరిగింది, 2018లో గడువు తీరింది, అప్పట్నుంచి గవర్నర్ పాలనే. నియోజకవర్గాల విభజన పేరుతో 2017లో చట్టం మార్చి, ఆ విభజన పూర్తి చేయకుండా వదిలేశారు, దాంతో ఎన్నికలకు తాళం పడింది. ఎన్నికలు పెట్టమని మనం ప్రతిసారీ అంటున్నాం, ఏ తేదీలోగా అని మాత్రం అడగం.

వెళ్ళడం ఇష్టం లేనివాళ్ళ మాట కూడా చెప్పాలి. 2019 పౌరసత్వ సవరణలో శ్రీలంక పేరే లేదు. 2025 సెప్టెంబరు ఉత్తర్వుతో, 2015 జనవరి 9 లోపు వచ్చి నమోదైనవాళ్ళకు వీసా లేదన్న శిక్ష తప్పింది, సంతోషం. కానీ శిక్ష తప్పడం వేరు, ఈ దేశపు మనిషి కావడం వేరు. 1986లో రామేశ్వరం దగ్గరి మండపం క్యాంపులో పుట్టిన ఒకామె 2022లో మద్రాసు హైకోర్టుకు వెళితే గానీ పాస్‌పోర్టు ఇవ్వమని ఉత్తర్వు రాలేదు, 1987 జూలైకి ముందు ఇక్కడ పుట్టినవాళ్ళు చట్టప్రకారం భారతీయులే అయినా. ఆ తర్వాత పుట్టిన పిల్లల్లో కొందరు నా షాపు లెక్కలు చూసేంత చదువు చదివారు, ప్రభుత్వ ఉద్యోగానికి అప్లికేషన్ కూడా పెట్టలేరు.

హోం శాఖతో, తమిళనాడు ప్రభుత్వంతో కూర్చుని ఒక్కో కుటుంబాన్నీ అడిగించండి, వెళ్తారా, ఉంటారా అని. వెళ్తామన్నవాళ్ళ కోసం కొలంబోతో రాతపూర్వక ఒప్పందం చేయండి, ఉంటామన్నవాళ్ళ కోసం పార్లమెంటులో బిల్లు పెట్టించండి. ఈ పని ఎప్పటికి మొదలవుతుందో రాబోయే సమావేశాల్లో లోక్‌సభలో చెప్పండి, మా క్యాంపు వాళ్ళకు నేనే చదివి వినిపిస్తాను.

ఇట్లు,
రెడ్‌హిల్స్ నుంచి ఒక పెయింట్ షాపు యజమాని
చెన్నై