ఒరేయ్, చేపలు కిందికి దిగాయి!

ఒరేయ్ బకెట్ తిమింగలం,

లేటయింది, సారీ రా. తీరిగ్గా రాద్దామనుకుంటూనే నెల దాటిపోయింది. అమ్మ బావుంది, మోకాలి నొప్పి తగ్గింది, పిల్లదాని పరీక్షలయిపోయాయి, నా ఉద్యోగం అలాగే ఉంది. అంతే. ఇప్పుడు అసలు సంగతి విను.

చేపల ట్యాంకు పెట్టేశా రా! నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, రెండడుగుల ఎత్తు. 340 లీటర్ల దాకా పడుతుంది, అంటే నీళ్లే 340 కిలోలు, గ్లాసూ రాళ్లూ స్టాండూ కలిపితే 400 దాటుతుంది, అందుకే గోడవారగా పెట్టించా. ఐదు వారాలు ఒక్క చేప లేకుండా, కొంచెం కొంచెం అమోనియా కలుపుతూ ఫిల్టర్ తిప్పా, చేపలు వదిలే ఆ విషాన్ని తినే బాక్టీరియా ముందే పెరగాలని. అమోనియా, దాన్నుంచి పుట్టే ఇంకో విషం నైట్రైట్, రెండూ సున్నా వచ్చిన రోజు నీకు ఫోన్ చేస్తే ఎత్తలేదు, సర్లే, దాని సంగతి తర్వాత.

తర్వాత చేపల్ని వేశా, నాలుగు ఏంజెల్స్, పన్నెండు చిన్న టెట్రాలు. మొన్న ఆదివారం తలుపులన్నీ మూసి బయటికెళ్లి మూడింటికి వచ్చామా, చూస్తే చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుచుకుని గుటకలు వేస్తున్నాయి. నా గుండె జారిపోయింది రా. థర్మామీటర్ 32.5 డిగ్రీలు! ముందు అమోనియానే అనుకుని చేతులు వణుకుతూ టెస్ట్ చేశా, సున్నా. నైట్రైటూ సున్నా. ఐస్ ట్రే తీసి ట్యాంకు దాకా వచ్చి, నీళ్ల వేడి ఒక్కసారిగా మార్చొద్దన్న నీ రెండో రూల్ గుర్తొచ్చి ఆగా. వేడి ఒక్కసారిగా పడిపోతే ఆ షాక్‌కే పోయేవి.

అప్పుడు చూశా, నీళ్ల పైభాగం అద్దంలా కదలకుండా ఉంది. చప్పుడు రాకూడదని ఫిల్టర్ పైపుని నేనే లోపలికి దించా కదా! నీళ్లు వేడెక్కేకొద్దీ ఆక్సిజన్ తక్కువ పట్టుకుంటాయి, 20 డిగ్రీల దగ్గర లీటరుకి 9 మిల్లీగ్రాములుంటే 32 దగ్గర ఏడు చిల్లరే, పైగా ఆ వేడిలో చేపలకి ఇంకా ఎక్కువ కావాలి. పైభాగం కదలకపోతే కొత్తది ఎక్కడ్నుంచి వస్తుంది? పైపు పైకి లాగి నీళ్లు చిందేలా తిప్పా, మూత తీసేశా, టేబుల్ ఫ్యాన్ నీళ్ల మీదికి పెట్టా. పిల్లదీ నేనూ నేల మీద కూర్చుని మాటల్లేకుండా చూస్తూనే ఉన్నాం.

అరగంటకి ఒక టెట్రా కిందికి దిగింది రా. ఒక్కటే. తర్వాత రెండు. పిల్లది నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందో! సాయంత్రానికి 29.5. నా కళ్లలో నీళ్లొచ్చాయి, నీకు చెప్పడానికేం సిగ్గు.

ఫ్యాన్ వల్ల నీళ్లు ఆవిరైపోతున్నాయి, తెల్లారేసరికి సెంటీమీటరు తగ్గింది, అందుకే ఇప్పుడు రోజూ క్లోరిన్ తీసిన నీళ్లు పోస్తున్నా. ఎండాకాలమంతా ఫ్యాన్ ఉంచేస్తా, నువ్వేమంటావ్? పైన తేలే మొక్కలు కొన్ని వేద్దామని కూడా, కానీ అవి పైభాగాన్ని మొత్తం కప్పేస్తే మళ్లీ...

పిల్లది పిలుస్తోంది రా, మేత టైమయిందట. ఆ పెద్ద ఏంజెల్‌కి నీ పేరే పెట్టింది, ఎందుకో వచ్చినప్పుడు చెప్తా. ఉంటా.